తన్విత్ చెల్లెలి పేరు

తెల్లారితే పాపను తొట్టెల్లో వేయాలి. పేరు మాత్రం ఇంకా తేలలేదు.

పెద్దపల్లిలోని ఆ ఇంట్లో వారం రోజులుగా ఇదే రగడ. ఒకవైపు బాలింత వనజ, ఇంకోవైపు ఆమె పెద్దాడబిడ్డ సరళ. మధ్యలో వనజ భర్త అమిత్. పెళ్లాం వైపు మాట్లాడితే అక్కకు కోపం, అక్క వైపు మాట్లాడితే పెళ్లాం కళ్లలో నీళ్లు. అందుకని ఆ మహానుభావుడు ఎటూ మాట్లాడకుండా ఫోను చూసుకుంటున్నాడు.

వాళ్ల పెద్దవాడి పేరు తన్విత్. ఈ ఏడే బడికి వెళ్తున్నాడు. రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడే వనజ అనుకుంది, ఆడపిల్లయితే వాడి పేరుకు జతగా ఉండే పేరే పెట్టాలని. తన్వి అందామా, తన్విత అందామా అని కొన్నాళ్లు ఊగిసలాడింది. తన్వి అంటే ఊరికి పదిమంది ఉంటారు. తన్విత అంటే మాత్రం తన్విత్ చెల్లెలే. అక్కడికి వచ్చి ఆగిపోయింది.

"గదేం పేరు వనజా? ఒకల్ని పిలిస్తే ఇద్దరు పలుకుతరు," అంది సరళ. "ప్రణీక్ష అని పెట్టుకుందాం. ఎంత ముద్దుగున్నది!"

"పలకనియ్యి వదినా. ఒకల్ని పిలిస్తే ఇద్దరు పలకాల్ననే నా ఆశ."

"పిల్లకు తనదంటూ ఓ పేరుండద్దా?"

"ఉండాలె. దాంట్ల వాళ్లన్న పేరు గూడ ఉండాలె."

సరళ మూతి ముడుచుకుంది. పేరు పెట్టే హక్కు మేనత్తది. తొట్టెల్లో వేసి, చెవిలో మొదట పిలవాల్సిందీ ఆమే. పైగా తొట్టెల, వెండి కడియాలు, జరీ గౌను అన్నీ ఆసిఫాబాద్ నుంచి తనే మోసుకొచ్చింది. కాన్పుకు ముందే వచ్చి దిగింది. వనజకు ఒంట్లో రక్తం తక్కువని పాపకు డబ్బాపాలు అలవాటు చేసింది. పాప ఏడిస్తే తల్లికంటే ముందు తనే లేచింది. అంత చేసిన మనిషిని ఏమనగలరు? వనజ కూడా దేనికీ అడ్డు చెప్పలేదు. ఒక్క పేరు దగ్గరే మొండికేసింది.

"ఓ పేరు కోసం గింత పరేషాన్ చేసుడేంది వనజా?" అని విసుక్కున్నాడు అమిత్.

"నేను ఇంకేమన్న అడిగిన్నా?"

అమిత్ మళ్లీ ఫోనులో తల దూర్చాడు.

వనజకు కావలసింది నిజంగా అంతే. రేపు పిల్లలు పెద్దవాళ్లవుతారు. ఎక్కడ ఉంటారో, ఎలా ఉంటారో ఎవరికి తెలుసు? ఎవరైనా సరే ఆ రెండు పేర్లూ వింటే చాలు, వీళ్లు ఒక్క కడుపున పుట్టినవాళ్లని తెలిసిపోవాలి. ఆ ఆలోచనతోనే ఆమెకు కంటిమీద కునుకు లేకుండా పోయింది.

తన్విత్‌కు ఈ గొడవలేం పట్టవు. మర్నాడు వచ్చినవాళ్లందరి కొంగులూ పట్టి లాక్కెళ్లి, "నా చెల్లె, చూడుర్రి నా చెల్లె," అని చూపించడమే వాడి పని.

"దూకకు అల్లుడా, పిల్ల ఉలికిపడ్తది," అని సరళ మురిపెంగా కసురుతోంది.

ముత్తయిదువులు తొట్టెలకు పూలు కట్టారు. పక్కింటి బాలవ్వ ఊరుకోకుండా గొణిగింది. "పిల్లల్లేని మనిషితోని మొదటి చెయ్యి ఏపిస్తరా?"

సరళ ముఖం పాలిపోయింది. చేతిలో పసుపు గిన్నె పక్కన పెట్టేసి వెనక్కి జరిగింది.

"మా వదినెనే వెయ్యాలె," అంది వనజ గట్టిగా. "ఇంకెవ్వరు ముట్టద్దు."

ఆ ఇంటి పద్ధతి ప్రకారం తల్లి తొట్టెల కింది నుంచి బిడ్డను అందించాలి. అవతల మేనత్త అందుకొని, పై నుంచి తిరిగి తల్లికియ్యాలి. అలా రెండుసార్లు ఇచ్చి పుచ్చుకున్నారు. చివరిసారి మేనత్త అందుకొని తొట్టెల్లో వేయాలి. అప్పుడు వనజ చేతులు వదల్లేదు.

"ఇడువు పిల్లా, నీ బిడ్డనెవ్వలెత్కపోతరు?" అని ఆడవాళ్లు పకపకా నవ్వారు.

వనజ నవ్వలేదు. మెల్లగా వదిలింది.

సరళ పాపను తొట్టెల్లో పడుకోబెట్టి, చెవి దగ్గరికి వంగింది. ఒక్క క్షణం తలెత్తి వనజను చూసింది.

"తన్వితా..."

వనజకు ఏడుపు తన్నుకొచ్చింది. అందరూ చూస్తున్నారన్న సోయి కూడా లేకుండా సరళ చేతులు రెండూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

"గంతే వదినా. ఇంకేం వద్దు నాకు."

సరళ కూడా ఏడ్చింది. చూస్తున్నవాళ్లు, వదినా మరదళ్లంటే ఇలా ఉండాలని ముచ్చటపడ్డారు.

భోజనాలయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. పొద్దు వాలుతుండగా సరళ భర్త కారు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. సంచులు ఒక్కొక్కటే కారెక్కాయి. వనజ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

హాల్లో తన్విత్ తొట్టెల ఊపుతూ పాడుతున్నాడు. "తన్వితా... నా చెల్లె తన్వితా..."

సరళ వచ్చి వాడి చేతిలోంచి తొట్టెల తాడు మెల్లగా విడిపించింది. పాపను ఎత్తుకొని శాలువా చుట్టింది. గడప దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, వాడి తల నిమిరి చెప్పింది.

"ఇగ చెల్లె అనద్దు అల్లుడా, ఇయ్యాల్టి సంది గీ పిల్ల నీకు మరదలు."