బంతి పోని వైపు

"కాస్త జరుగు బాబూ" అన్నాడు ముసలాయన.

ప్రూయిట్ విసుక్కుంటూనే జరిగాడు. ఒహైయోలో చిన్న కాలేజీ మైదానం. స్టాండ్స్ సగం ఖాళీ. ఇంత చోటుండగా ఈయన తన పక్కకే ఎందుకొచ్చాడో అతనికి అర్థం కాలేదు.

ప్రూయిట్ ఒక పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్‌కి ఆటగాళ్లను ఎంచిపెట్టే స్కౌట్. నిరుడు అతను ఎంచిన ఇద్దరూ ఎందుకూ కొరగాకుండా పోయారు. ఈసారీ గురి తప్పితే ఉద్యోగం ఊడుతుంది.

ఇవాళ ఎంచాల్సింది సేఫ్టీని. అందరికంటే వెనక నిలబడి, అవతలివాళ్లు చేత్తో విసిరే పొడుగు పాసులు కాచేవాడిని. ఈ కాలేజీకి ఇద్దరున్నారు, ఎనిమిదో నంబరు, ముప్పై ఒకటో నంబరు. మధ్యాహ్నం మూడింటిలోపు ఒక్క పేరు ఫోన్లో చెప్పాలి.

ఎనిమిదో నంబరు ఎగిరి, అవతలివాళ్ల పాసును గాల్లోనే లాక్కున్నాడు. జనం హోరెత్తారు. ఈ సీజన్లో అతనికది ఏడోది. ప్రూయిట్ సంబరంగా రాసుకున్నాడు.

ముసలాయన అటు చూడనేలేదు. ఆయన బైనాక్యులర్స్ ముప్పై ఒకటి మీదే ఉన్నాయి.

"బంతి ఇటుంది పెద్దాయనా!"

"తెలుసులే. నేను అది పోని వైపు చూస్తున్నా."

"అక్కడేముంది? ఆ కుర్రాడు సీజనంతా ఒక్కటీ లాక్కోలేదు."

"వాడి వైపు విసిరితేగా లాక్కోడానికి! వాడి కాళ్లు చూడు. బంతి ఎక్కడికి రావాలో ముందే అక్కడుంటాడు. విసిరేవాడు అది చూసి మనసు మార్చుకుంటాడు. ఇక గత్యంతరం లేక ఎనిమిది వైపు విసురుతాడు. ఏడు దొరకవూ మరి?"

ప్రూయిట్ పెద్దగా నవ్వాడు.

"ఏమీ చెయ్యనివాడే గొప్పోడంటావ్! ఆ లెక్కన మా బావమరిది మహా గొప్ప సేఫ్టీ. సోఫాలోంచి లేవడు."

ముసలాయన కూడా నవ్వాడు.

"ఇంతకీ ఆ కుర్రాడు మీ మనవడా?"

"మనవడైతే హాయిగా నిద్రపోయేవాణ్ణి."

ఈ ముసలాళ్లంతా ఇంతే అనుకుని ప్రూయిట్ ఫోన్ తీశాడు. మూడుకి పది నిమిషాలుంది.

"ఎనిమిదో నంబరు సార్."

"ఖాయమేనా? జాబితా మూసేస్తున్నాం. మళ్లీ మార్చడం కుదరదు."

"ఖాయం సార్."

ఆట చివరికొచ్చింది. అవతలి జట్టు నాలుగు పాయింట్లు వెనకబడింది. మిగిలింది ఒక్క అవకాశం. వాళ్లలో పాసులు విసిరే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్, బంతితో చెయ్యెత్తాడు. ఎదురుగా ముప్పై ఒకటి కనిపించాడు. చెయ్యి దించాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. ఈలోగా నలుగురు మీదపడి అతన్ని కూలదోశారు.

ప్రూయిట్ చూపు మొదటిసారి బంతిని వదిలి ముప్పై ఒకటి మీదికి పోయింది.

ఒంటినిండా మట్టితో, హెల్మెట్ చేత్తో పట్టుకుని, ఆ క్వార్టర్‌బ్యాక్ మెట్లెక్కి నేరుగా ముసలాయన దగ్గరికే వచ్చాడు.

"ఓడిపోయాం కోచ్. చివర్లో విసిరేద్దామనే అనుకున్నా. 'చచ్చినా ముప్పై ఒకటి వైపు విసరొద్దు' అని మీరు నేర్పింది గుర్తొచ్చి ఆగిపోయా."

"మంచిపని చేశావురా. విసిరుంటే ఇంకా ముందే ఓడేవాళ్లం."

ఈ వేసవిలో రిటైరయ్యేదాకా, ఈ కాలేజీని ఓడించడానికి మూడేళ్లు అవతలి జట్టు పాసుల ఎత్తులన్నీ గీసింది, ఏ ఎత్తులోనూ ముప్పై ఒకటి నిలబడే వైపు ఒక్క గీతైనా గీయడానికి సాహసించనిది, ప్రూయిట్ పక్కన కూర్చున్న ఆ ముసలాయనే.