నిమ్మకాయ తొక్కిన రైలు

“ఆ నిమ్మకాయ తియ్యప్పా రంగయ్యా! పాయింట్ల మీద యాడన్నా పెడతారా?” అని ఒక్క అరుపు అరిచాడు పరంజ్యోతి.

“కొత్త బండన్నా! నిమ్మకాయ తొక్కించకుండా ఎట్ల కదులుతాది?” అన్నాడు రంగయ్య.

బండి జానెడు. దాని చక్రం చిటికెనవేలి గోరంత. నిమ్మకాయేమో ఇంజను మొహానికి సమానంగా కూర్చుంది.

ఆళ్లగడ్డకు రైలు లేదు. రైలు సాధన సమితి మాత్రం ఉంది, దానికి రంగయ్య అధ్యక్షుడు. రైలొస్తే ఎట్లుంటుందో జనానికి చూపించాలని నంద్యాల పోయి, రిటైరైన పాయింట్స్‌మన్ పరంజ్యోతిని పట్టుకున్నాడు. ఆ మహానుభావుడు ఎనిమిది నెలలు కళ్ళు పొడుచుకుని బల్ల మీద పట్టేంత నమూనా పట్టాలు చేశాడు. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పాయింట్లు, కదిలే నాలుక పట్టాలు, క్రాసింగు, పక్కన లివరు, అన్నీ అసలుకు వెంట్రుకవాసి తేడా లేవు. తుప్పు కూడా రంగుతో పుట్టించాడు. ముందర బోర్డు తానే రాసుకున్నాడు: ‘పరంజ్యోతి, పాయింట్స్‌మన్. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. ఒక్క మెమో లేదు.’

“బండి పడిందంటే పోయేది నా పేరప్పా,” అన్నాడు ఆ బోర్డు చూపించి.

“సరేలే, కాయ వద్దు. చెక్క పెడతా.”

రంగయ్య కాయ కోసి, చెక్క పట్టాల మీద పెట్టాడు. పరంజ్యోతి దాన్ని తీసి అవతల పారేసి లివరు లాగాడు. లివరు సగంలో ఆగిపోయింది. వంగి చూస్తే నాలుక పట్టాకూ పక్క పట్టాకూ మధ్య నిమ్మగింజ!

“ఆగప్పా! గింజ ఇరుక్కునింది. నాలుక అంటుకోల్యా!”

“ముహూర్తం దాటిపోతాందన్నా!” అంటూ రంగయ్య స్విచ్చి నొక్కేశాడు.

ఇంజను ముందు చక్రాలు ఒక దారి పట్టాయి, వెనక చక్రాలు ఇంకో దారి. బండి బోర్లా పడింది. నాలుగు పెట్టెలు దాని మీదికెక్కాయి. ముందు వరసలో కూర్చున్న పరంజ్యోతి భార్య దెబోరా “ప్రభువా!” అని గుండె మీద చెయ్యేసుకుంది. జనం పడీ పడీ నవ్వారు.

రంగయ్య మొహం మాడిపోయింది. అయినా నాయకుడు కదా, మైకు అందుకున్నాడు. “ప్రమాదం మీద విచారణ కమిటీ వేస్తాండాం!” అన్నాడు. దానికీ అధ్యక్షుడు ఆయనే.

కమిటీ పట్టాల చుట్టూ కుర్చీలేసుకుని టీలు తాగింది. ఒక సభ్యుడు గింజను గోటితో గీకి, ఫట్‌మని విసిరేశాడు.

“అదే! ఆ గింజే!” అని ఎగిరాడు పరంజ్యోతి.

“యాడుందన్నా గింజ?” అన్నాడు ఆ సభ్యుడు, ఖాళీ చేతులు చూపించి.

రెండో టీ అయ్యేసరికి రంగయ్య తలొంచుకుని వచ్చి, మడిచిన కాగితం పరంజ్యోతి చేతిలో పెట్టాడు.

“పాపం, తప్పయిందని రాసుకొచ్చినట్లుండాడు. మన్నించు,” అంది దెబోరా మెల్లగా.

“మనసులో పెట్టుకోవద్దన్నా,” అన్నాడు రంగయ్య. “అన్నీ అసలు రైల్వే మాదిరే ఉండాలని నువ్వే కదా అంటివి.”

పరంజ్యోతి కాగితం విప్పాడు. ‘ప్రమాదానికి కారణం పాయింట్స్‌మన్ నిర్లక్ష్యం. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.’

ముప్పై నాలుగేళ్ళలో రాని మెమో, రిటైరైన రెండేళ్ళకు, పట్టాలే లేని ఊళ్ళో చేతికొచ్చింది.