నడుముకి తెలిసిన గాలి

రేసు కారు దిగి హెల్మెట్ తీస్తూనే డ్రైవరు నా మీద విరుచుకుపడ్డాడు. మా ఓనరుగారి బావమరిది.

"నువ్వు చేసిన కొత్త రెక్క శుద్ధ దండగమ్మా. మలుపులో కారు జారిపోతోంది. పాతదైతే రోడ్డుకి అతుక్కుని పోయేది. కంప్యూటర్లో గీతలు గీస్తే గాలి లొంగుతుందా? గాలి సంగతి నా నడుముకి తెలుసు."

గాలి పోకడ తెలియడానికి కారు వెనక రెక్క మీద పూసిన పచ్చరంగులో గాలి గీసిన చారల్ని ఫొటో తీస్తూ మెకానిక్ బాబాయ్ తలెత్తాడు.

"మీరు తిప్పుకొచ్చింది పాతదే బాబూ. ముందు దాంతో ఒక రౌండు చూసుకుని, తర్వాతే కొత్తది బిగిస్తాం. అదింకా పెట్టెలోనే ఉంది."

"అయితే టైర్లు అరిగుంటాయి," అంటూ డ్రైవరు వెళ్లిపోయాడు.

బాబాయ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మూడేళ్లలో ఆ నడుము వద్దందని నేను నోరు మూసుకుని అటకెక్కించిన రెక్కలు పదకొండు.

"అవన్నీ కిందికి దించు బాబాయ్," అన్నాను.