కిటికీలో మ్యూజిక్ ప్లేయర్

“ముట్టుకోమాక బావా!” హేమసుందర్ దాదాపు అరిచాడు.

మంచం మీద నుంచి కిటికీ వైపు చెయ్యి చాచిన కాశీరావు ఉలిక్కిపడ్డాడు. కిటికీలో అరచేతిలో పట్టేంత కొత్త మ్యూజిక్ ప్లేయర్ తళతళలాడుతోంది. బెజవాడ ఆసుపత్రివాళ్లు చేతులెత్తేసి ఉయ్యూరు పంపించేసిన మనిషి, ఆ ఉదయమే కళ్లు తెరిచి అడిగి మరీ గంజి తాగాడు. చేపల మార్కెట్లో బేరాలాడిన నోరు, ఊరుకుంటుందా?

“ఎవరికిరా ఇది?”

బావమరిది తన అక్క మొహం చూశాడు. నాగమల్లేశ్వరి గోడ వైపు చూసింది.

“మీకేనండీ” అంది చివరికి.

“నాకే అయితే ఇటివ్వు.”

ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన కోసమని ఆ ఇంట్లో ఎవరూ ఏదీ కొన్న పాపాన పోలేదు. కాశీరావు లోలోపల పొంగిపోయాడు. అది బయటపడకుండా వంకలు పెట్టడం మొదలెట్టాడు. చేప మొప్ప ఎత్తి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“బరువే లేదు. లోపల సరుకుందా?”

“సౌండు గట్టిది బావా. వీధి చివరిదాకా వినపడుద్ది.”

“ఇంట్లో వినే పాటకి వీధితో పనేంటిరా? ఛార్జింగు?”

“రాత్రంతా వస్తుంది. ఆగకుండా అదే తిరుగుద్ది.”

“అదే లోటు. విన్నదే ఎంతసేపు వింటాం? ఎన్ని పాటలున్నాయేంటి?”

నాగమల్లేశ్వరి ప్లేయర్ లాక్కుని మళ్లీ కిటికీలో పెట్టింది. “ఇప్పుడెందుకండీ, పడుకోండి” అని దుప్పటి కప్పి, తమ్ముణ్ణి వాకిట్లోకి తీసుకెళ్లింది.

కాశీరావుకి ఒళ్లు మండింది. కొనిపెట్టి వినొద్దంటారేం? మొగుడి మీద ప్రేమ చూపించడానికీ సిగ్గేనా? బతికుండగా వినకపోతే ఇంకెప్పుడు వింటాడు? మోచేతి మీద లేచి, ఆయాసపడుతూ బొత్తాం నొక్కాడు.

పాట రాలేదు. చావింట్లో పెట్టే శ్లోకాలు ఖంగుమని మోగాయి.

కాశీరావు దొరికిన బొత్తామల్లా నొక్కాడు. ఎలా ఆపాలో తెలియలేదు. ఈలోగా వాకిట్లో చెప్పులు విడుస్తున్న చప్పుడు, ఎదురింటి రత్తయ్య గొంతు వినిపించాయి.

“అయ్యో మల్లేశ్వరీ! ఎంతసేపయిందమ్మా పోయి?”

“ఇంకా పోలేదు బాబాయ్” అంది నాగమల్లేశ్వరి, “పనిచేస్తుందో లేదో చూస్తున్నాం.”