జరిగిన సరిహద్దు రాయి

గవరమ్మ ఇల్లు సగం పంచాయతీలో, సగం మున్సిపాలిటీలో ఉండేది. ఏటా రెండు ఆఫీసుల గుమస్తాలూ టేపులు పట్టుకొచ్చి, ఇల్లు మాదంటే మాదని ఆమె అరుగు మీదే పోట్లాడుకుని, ఆమె పెట్టిన ఉప్మా తిని వెళ్ళేవారు. ఊళ్ళన్నీ కలిసి ఒకే డిజిటల్ మ్యాపు పెట్టుకున్నాక ఆ తగువు చిటికెలో తేలిపోయింది. మూడేళ్ళుగా ఆమె గుమ్మం ఎవరూ తొక్కలేదు.

ఈ ఉదయం గవరమ్మ సరిహద్దు రాయిని గునపంతో పెకలించి, బారెడు అవతల పాతింది. ఉప్మా చేసి, అరుగు మీద రెండు పీటలు వేసి కూర్చుంది.

కాసేపటికి ఫోన్లో మ్యాపు గొంతు పలికింది. "రాయి జరిగినట్టు పైనుంచి చూశాం గవరమ్మ గారూ. గీత మాత్రం మారదు. కంగారుపడకండి."

"ఒకసారి వచ్చి కళ్ళారా చూసుకోండి నాయనా. ఉప్మా కూడా చేశాను."

"అక్కర్లేదమ్మా. ఇక మీ ఇంటికి ఎవరూ రావలసిన పని లేదు."