రుక్కి దూప

కేసముద్రంలో పెద్ద కంపెనీ గోదాము కట్టాలా వద్దా అని టెంటు వేసి సభ పెట్టారు. పొద్దుటి నుంచి అరుపులే. హోల్‌సేల్ కిరాణా జనార్దన్ బొంగురుపోయిన గొంతుతో మళ్లీ మైకు అందుకున్నాడు.

"గోదామొస్తే మా దుకాణాలు మూతపడ్తయి. మా దగ్గర పనిచేసేటోళ్లు ఏమైపోవాలె? ఇంటిమనుషుల లెక్క చూసుకుంటున్నం."

చప్పట్లు కొట్టే ఓపిక కూడా ఎవరికీ లేదు. దిగి వచ్చి రుక్కి పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అతని దుకాణంలో ఏళ్లుగా పప్పులు చెరిగే మనిషి. వద్దని చెయ్యెత్తడానికి తండా నుంచి తనే పిలిపించాడు.

రుక్కి గ్లాసెడు నీళ్లు గటగటా తాగింది. ఇంకో గ్లాసు ముంచుకుంది.

జనార్దన్ వింతగా చూశాడు. "ఏంది రుక్కీ, దుకాణంల ఎండాకాలం గూడ నీళ్లు ముట్టవు. ఇస్తే దూపైతలేదంటవు. ఇయ్యాల గింత దూపనా?"

"గోదాము వద్దనేటోళ్లు చేతులెత్తుండ్రి," మైకులో పిలిచారు.

రుక్కి చేతిలోని గ్లాసు దించలేదు.

"దుకాణంల తాగితే యాడికి పోవాలె సేటు? గీ కంపెనోళ్లు టెంటెనక ఆడోళ్లకు బాత్రూం పెట్టిండ్రు."