గేదె నీడ

చెరువు ఎండిపోయింది. గేదె గిట్ట దిగిన గుంటలో మాత్రం కాసిని నీళ్లు, వాటిలో చేపపిల్లలు మిగిలాయి. ఎండ తగలకుండా గేదె వాటికి అడ్డంగా నిలబడింది. పొద్దు తిరిగినకొద్దీ తనూ తిరిగేది.

"డొక్కలు ఎండిపోయాయి నీకు. కాలవ గట్టున గడ్డి ఉంది, పోదాం పదక్కా," అంది వీపు మీది కొంగ.

"కదిలితే ఇవి ఉడికిపోతాయి."

"వాన రాకపోతే?"

"వాన సంగతి దేవుడు చూసుకుంటాడు. నీడ సంగతి నాది." అంది గేదె.

మర్నాడు మధ్యాహ్నం నిలబడే కునుకు తీసి ఉలిక్కిపడింది. గుంట మీద నీడ లేదు!

"అయ్యో, పక్కకు జరిగిపోయానా?"

"జరగలేదక్కా," అంది కొంగ. "తలెత్తి చూడు. ఆకాశమంతా మబ్బు, అచ్చం నీ రంగే!"